అల్యూమినియం పూత పూసుకునే అగాధ జలచరం: జంషెడ్‌పూర్ లోహశాస్త్రానికీ దానికీ ఉన్న సంబంధం ఏమిటి?

జంషెడ్‌పూర్: సముద్రానికి ఎంతో దూరంగా, సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమం వద్ద వెలసిన ఉక్కు నగరం ఇది. 1912లో ఇక్కడ తొలి ఉక్కు దిమ్మె తయారైన నాటి నుంచి ఈ ఊరి పేరు చెప్పగానే గుర్తుకు వచ్చేవి కొలుములు, ముడి ఇనుము, బొగ్గు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరతరాలుగా వలస వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ నగరం లోహంతోనే అన్నం పెట్టింది. అటువంటి ఊరికీ, పసిఫిక్ మహాసముద్రపు అడుగున చిమ్మచీకటిలో జీవించే, చిటికెన వేలి పొడవుకు మించని ఒక జీవికీ సంబంధం ఉందంటే వింతగా తోచవచ్చు. ఆ సంబంధం రెండు విధాలుగా ఉంది. ఆ జీవి తన ఒంటిమీద లోహపు పూత పూసుకుంటుంది. ఆ పూతకు అది అనుసరించే పద్ధతికీ, నగరంలోని బర్మామైన్స్ ప్రాంతంలో 1950లో ప్రారంభమైన జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల అగాధ సముద్రపు ముడి ఖనిజం నుంచి లోహాలు రాబట్టేందుకు పరిశోధించిన పద్ధతికీ మూలసూత్రం ఒక్కటే. రెండవ సంబంధం ఇంతకంటే బరువైనది. ఆ ముడి ఖనిజం పరచుకొని ఉన్న నేల ఇటువంటి జీవుల ఇల్లు.

ఆ జీవి శాస్త్రీయ నామం హిరోండెలియా గిగాస్. సోవియట్ శాస్త్రవేత్తలు బిర్‌స్టైన్, వినోగ్రాదోవ్ 1955లో దీనిని తొలిసారి వర్ణించారు. ప్రజాతికి హిరోండెలియా అనే పేరు అంతకుముందే, 1889లో, మొనాకో రాజు మొదటి ఆల్బర్ట్ సముద్ర పరిశోధనలకు వాడిన నౌక 'హిరోండెల్' జ్ఞాపకార్థం వచ్చింది. ఫ్రెంచి భాషలో ఆ మాటకు వానకోవెల అని అర్థం. గిగాస్ అంటే మహాకాయుడు. వేలెడంత లేని ప్రాణికి ఈ బిరుదు ఏమిటని నవ్వు రావచ్చు గాని, దగ్గరి చుట్టాలతో పోల్చి చూస్తే అది పెద్దదే. వాయవ్య పసిఫిక్‌లోని అగాధ కందకాలు దీని నివాసం. భూమిమీద అత్యంత లోతైన చోటుగా పేరొందిన మెరియానా కందకంలోని చాలెంజర్ అగాధంలో, దాదాపు 10,900 మీటర్ల లోతున, ఇది గుంపులు గుంపులుగా బతుకుతోంది.

రొయ్యకు దూరపు బంధువు

హిరోండెలియా యాంఫిపోడ్ వర్గానికి చెందినది. రొయ్య, పీత, ఇది, అన్నీ క్రస్టేషియన్లే. భీమిలి తీరంలోనో ఉప్పాడ తీరంలోనో ఒడ్డుకు కొట్టుకొచ్చిన నాచును కాలితో కదిపితే చెంగుచెంగున గెంతే చిన్న పురుగుల వంటివి కనిపిస్తాయి. అవి యాంఫిపోడ్‌లే. వాటిని చూసినవారికి హిరోండెలియా రూపురేఖలు సగం తెలిసినట్లే.

రొయ్యను ఒలిచిన ప్రతి ఇంట్లోనూ తెలిసిన సంగతి ఒకటి ఉంది. రొయ్య తలనూ రొమ్మునూ కలిపి ఒకే డిప్ప కప్పి ఉంచుతుంది, మొప్పలు దాని కింద దాగి ఉంటాయి. యాంఫిపోడ్‌కు ఆ డిప్ప లేదు. తలతో రొమ్ములోని మొదటి ఖండం మాత్రమే కలిసిపోగా, తక్కిన ఏడు రొమ్ము ఖండాలు విడివిడిగా, వీపు మీద పెంకుల వలె ఒకదాని వెనుక ఒకటి పేర్చినట్లు కనిపిస్తాయి. వాటి వెనుక మూడు ఉదర ఖండాలు, ఆపై తోక భాగంగా మరి మూడు. శరీరం ఇరుపక్కల నుంచి అదిమినట్లు పలుచగా, వీపు విల్లులా వంగి ఉంటుంది. కాళ్ల మొదళ్లు వెడల్పైన పలకలుగా మారి ఇరువైపులా కిందికి దిగుతాయి. ఈ పలకల నడుమ, శరీరానికి అడుగున, ఒక సొరంగం వంటి ఖాళీ ఏర్పడుతుంది. మొప్పలు ఉండేది అక్కడే. కాళ్ల మొదళ్ల లోపలివైపు చిన్న సంచుల్లా వేలాడుతూ, నీటి ప్రవాహం నుంచి ప్రాణవాయువును గ్రహిస్తాయి.

తల ముందు రెండు జతల స్పర్శశృంగాలు ఉంటాయి. పైజత మొదలు పొట్టిగా, లావుగా ఉంటుంది. దానిమీద దట్టంగా మొలిచిన సూక్ష్మ రోమాలు వాసన పసిగట్టే సాధనాలు. సూర్యకాంతి ఎన్నడూ చేరని చోట కంటికి పని తక్కువ, ముక్కుకు పని ఎక్కువ. ఎక్కడో కిలోమీటర్ల ఎత్తున మరణించిన చేప కళేబరం కిందికి జారి నేలను తాకితే, ఆ వాసన ప్రవాహంతో పాటు వ్యాపించి వీటిని పిలుస్తుంది. పరిశోధకులు బోనులో చేప ముక్కను ఎరగా పెట్టి దించితే కొన్ని గంటలలోనే అది ఈ జీవులతో కిక్కిరిసిపోతుంది.

నోటి నిర్మాణం చిన్న వంటింటి సరంజామాను తలపిస్తుంది. మాంసాన్ని కత్తిరించేందుకు పదునైన అంచుగల హనువులు, వాటి వెనుక ముక్కలను అందుకుని తోసే రెండు జతల జంభికలు, అడుగున చేట వలె పట్టి ఉంచే హనుపాదాలు వరుసగా ఉంటాయి. ఏడు జతల కాళ్లలో మొదటి రెండింటికి నడకతో పని లేదు. అవి ఆహారాన్ని పట్టుకునే చేతులు. రెండవ జత సన్నగా, పొడవుగా, చివర చిన్న పట్టకారు లాగా ముగుస్తుంది. మిగిలిన అయిదు జతలలో రెండు ముందుకు, మూడు వెనుకకు వంగి ఉంటాయి. 'యాంఫిపోడ్' అనే పేరుకు మూలం ఇదే: రెండు వైపులకూ కాళ్లు గలది. ఉదరానికి అడుగున మూడు జతల ప్లవపాదాలు తెడ్ల వలె ఆడి శరీరాన్ని ఈదిస్తాయి. తోక చివర మూడు జతల గట్టి ఉపాంగాలు, వాటి నడుమ చిన్న పుచ్ఛఖండం. శరీర నిర్మాణ వర్ణన ఇంతటితో అయిపోయినట్లే కనిపించినా, ఒక జాతిని మరొక జాతి నుంచి వేరు చేసేది తరచుగా ఈ చివరి ముక్కల మీది ముళ్ల సంఖ్య, చీలిక లోతు వంటి అతి సూక్ష్మ భేదాలే. అందుకే కొత్త జాతిని వర్ణించే శాస్త్రవేత్త ఒక్కొక్క ఉపాంగాన్ని సూక్ష్మదర్శిని కింద సూదితో విడదీసి బొమ్మ గీస్తాడు. వారాల తరబడి సాగే పని అది.

ఆడజీవికి రొమ్ము కింద కాళ్ల మొదళ్ల నుంచి పలుచని రేకులు మొలిచి, ఒకదానిపై ఒకటి కప్పుకొని సంచి ఏర్పడుతుంది. గుడ్లు అందులోనే పొదుగుతాయి. రొయ్య పిల్లల మాదిరి డింభక దశలు వీటికి లేవు. బయటికి వచ్చే పిల్ల తల్లికి చిన్న నమూనాయే. ఎర బోనుల్లో గుడ్లు మోస్తున్న ఆడజీవులు చిక్కడం మాత్రం బహు అరుదు.

పీడనమా, కరగడమా?

ఈ జీవి గురించి వార్తలు వచ్చినప్పుడల్లా 'భయంకర పీడనాన్ని తట్టుకునే లోహ కవచం' అనే శీర్షికలు కనిపిస్తాయి. అది పొరపాటు అవగాహన. చాలెంజర్ అగాధం అడుగున చదరపు సెంటీమీటరుకు ఒక టన్నుకు మించిన బరువు పడుతున్న మాట నిజం. అయితే ఈ ప్రాణి దేహంలో గాలి నిండిన ఖాళీలు లేవు. లోపలా ద్రవమే, బయటా ద్రవమే. రెండు వైపులా ఒత్తిడి సమానం గనుక నలిగిపోయే ప్రమాదం లేదు. మనిషి అక్కడికి దిగాలంటే మాత్రం ఊపిరి పీల్చే గాలిని వెంట తీసుకుపోవాలి. భారతదేశం 6,000 మీటర్ల లోతుకు ముగ్గురిని పంపేందుకు చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ద్వారా రూపొందిస్తున్న 'మత్స్య-6000'కు 80 మిల్లీమీటర్ల మందం గల టైటానియం గోళం అవసరమైంది ఆ గాలిని కాపాడుకునేందుకే.

పీడనం అసలు ఇబ్బంది పెట్టేది కణాల లోపల, ప్రోటీన్ల ఆకృతికి. దానికి విరుగుడుగా అగాధ జీవుల కణాలలో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ వంటి చిన్న అణువులు పోగుపడి ఉంటాయి. చేపల వాసనకు కారణమయ్యే పదార్థం దీని నుంచే పుడుతుంది.

పెంకుకు ఎదురయ్యే ప్రమాదం వేరు. క్రస్టేషియన్ల పైపొర కైటిన్ అనే పదార్థంతో అల్లుకొని, కాల్షియం కార్బొనేట్ చేరి గట్టిపడుతుంది. అది సున్నపురాయి, కోడిగుడ్డు పెంకు, ముత్యపు చిప్ప, అన్నిటిలో ఉండే పదార్థమే. నిమ్మరసంలో గుడ్డు పెంకు వేస్తే బుడగలు వచ్చి కరిగిపోవడం పిల్లలు సైతం చేసి చూడగల ప్రయోగం. సముద్రంలో లోతు పెరిగేకొద్దీ పీడనం హెచ్చి, ఉష్ణోగ్రత తగ్గి, కరిగిన బొగ్గుపులుసు వాయువు ఎక్కువై, కాల్షియం కార్బొనేట్ నిలకడ కోల్పోతుంది. సుమారు 4,000 నుంచి 5,000 మీటర్ల దిగువన అది పేరుకునే వేగం కంటే కరిగే వేగమే ఎక్కువ. పైనుంచి రాలే గుల్లలు అడుగున చేరకముందే మాయమవుతాయి. ఆ గీత దిగువకు సున్నపు పెంకు గల జీవులు ఎక్కువగా దిగలేవు. హిరోండెలియా అంతకు రెట్టింపు లోతులో బతుకుతోంది. ఎలా?

సత్తు గిన్నెలో పులుసు, మురికి నీటిలో పటిక

జపాన్ సముద్ర పరిశోధన సంస్థ జామ్‌స్టెక్‌కు చెందిన శాస్త్రవేత్తల బృందం 2019లో దీనికి సమాధానం ప్రచురించింది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించగా చాలెంజర్ అగాధం నుంచి తెచ్చిన ఈ జీవుల పెంకు మీద అల్యూమినియం హైడ్రాక్సైడ్ జిగురు పొర కనిపించింది. సముద్రపు నీటిలో కరిగి ఉండే అల్యూమినియం అత్యల్పం. దానిని ఈ ప్రాణి ఎక్కడి నుంచి తెచ్చుకుంటోంది అన్నదే ప్రశ్న. నీటిలో లేకపోయినా కాళ్ల కింద కావలసినంత ఉంది. అడుగు నేలలోని బంకమన్ను అల్యూమినియం సమ్మేళనాల గని.

ఇందుకు కీలకం ఆహారంలో ఉంది. ఇదే బృందం 2012లో మరొక అధ్యయనంలో ఈ జీవి జీర్ణరసాలలో సెల్యులోజ్‌ను నేరుగా గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమును గుర్తించింది. నదులు మోసుకొచ్చి సముద్రంలో కలిపే కొమ్మలు, ఆకులు, చెక్కముక్కలు క్రమంగా అగాధానికి చేరతాయి. కళేబరాలు దొరకని రోజులలో ఈ చెత్తే ఆహారం. మనుషులు అరిగించుకోలేని పీచును ఈ పిపీలికం చక్కెరగా మార్చుకుంటుంది. ఆ చక్కెరతో ముడిపడి గ్లూకోనిక్ ఆమ్లం కూడా ఏర్పడుతుంది. ఆహారంతో పాటు మింగిన మట్టి లోంచి ఆ ఆమ్లం అల్యూమినియాన్ని పట్టి లాగుతుంది.

ఇందులో మన ఇంటి అనుభవానికి అందని విషయమేమీ లేదు. చింతపండు పులుసు సత్తు గిన్నెలో కాచరాదని పెద్దలు చెప్పడం వెనుక ఉన్నది ఇదే రసాయనం. పులుపులోని సేంద్రియ ఆమ్లం అల్యూమినియాన్ని కరిగించి తనలో కలుపుకుంటుంది. ఇక రెండవ సగం. కరిగిన అల్యూమినియం శరీరం వెలుపల క్షార గుణం గల సముద్రపు నీటిని తాకగానే విడివడి, తెల్లని జిగురుగా పేరుకుంటుంది. గోదావరి వరద నీటిని బిందెలో పోసి పటిక తిప్పితే అడ్డి అంతా కిందికి దిగి పైన తేట నీరు నిలవడం తెలుగు పల్లెలలో చాలామందికి తెలిసిన దృశ్యం. పటికలోని అల్యూమినియం నీటిలో హైడ్రాక్సైడ్ జిగురుగా మారి మట్టి రేణువులను పట్టుకుంటుంది కాబట్టే అది సాధ్యం. హిరోండెలియా ఒంటిమీద ఆ జిగురు మట్టిని పట్టడానికి బదులు సున్నపు పెంకును కప్పి, బయటి నీరు దానిని కరిగించకుండా అడ్డుకుంటుంది. క్రస్టేషియన్లన్నీ ఎదిగే క్రమంలో పాత పెంకును విడుస్తాయి. దీనిని నిర్మోచనం అంటారు. కనుక ప్రతి విడుపు తరువాతా ఈ పూత కొత్తగా వేసుకోవలసి ఉంటుందని భావించవచ్చు.

ఆమ్లంతోనో మరొక ద్రావకంతోనో మట్టి నుంచి లోహాన్ని కరిగించి తీయడం, ఆపై ద్రావణం స్వభావాన్ని మార్చి లోహాన్ని తిరిగి పేరుకునేలా చేయడం. లోహశాస్త్రంలో ద్రావణ పద్ధతి అంటే స్థూలంగా ఇదే. జంషెడ్‌పూర్ ప్రయోగశాల ప్రస్తావన ఇక్కడ వస్తుంది.

నేలపై పరచుకున్న నల్లని ముద్దలు

మధ్య హిందూ మహాసముద్రంలో 5,000 మీటర్లకు పైబడిన లోతున, మెత్తని బురద మీద బంగాళాదుంపల పరిమాణంలో నల్లని ముద్దలు చెదిరి పడి ఉన్నాయి. వీటిని బహులోహ ముద్దలు అంటారు. చిన్న గుల్ల ముక్క చుట్టూనో, సొరచేప పంటి చుట్టూనో మాంగనీసు, ఇనుము పొరలు పొరలుగా పేరుకొని ఏర్పడతాయి. పది లక్షల సంవత్సరాలకు పెరిగేది కొద్ది మిల్లీమీటర్లే. అరచేతిలో ఇమిడే ముద్ద వయస్సు మనిషి జాతి వయస్సు కంటే ఎన్నో రెట్లు అధికం. వాటిలో నికెల్, రాగి, కోబాల్ట్ కూడా ఉంటాయి. విద్యుత్ వాహనాల బ్యాటరీల కారణంగా ఈ లోహాలకు నేడు గిరాకీ పెరిగింది.

'గవేషణి' పరిశోధక నౌక 1981లో సముద్రగర్భం నుంచి తొలి ముద్దను పైకి తీసినప్పటి నుంచి భారతదేశం ఈ రంగంలో ఉంది. 1987లో మార్గదర్శక పెట్టుబడిదారు హోదా పొందింది. తొలుత కేటాయించిన 1,50,000 చదరపు కిలోమీటర్ల నుంచి సగం తిరిగి అప్పగించి, 75,000 చదరపు కిలోమీటర్లను నిలుపుకుంది. అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థతో అన్వేషణ ఒప్పందం 2002లో కుదిరింది. ఆ ప్రాంతంలో సుమారు 38 కోట్ల టన్నుల ముద్దలు ఉన్నాయని ప్రభుత్వ అంచనా. వాటిలో నికెల్ 47 లక్షల టన్నులు కాగా, కోబాల్ట్ 5.5 లక్షల టన్నులు.

ముద్దలను పైకి తేవడం ఒక సమస్య అయితే వాటిలోని లోహాలను వేరు చేయడం మరొకటి. అవి విడిగా గింజల రూపంలో ఉండవు, మాంగనీసు, ఇనుము ఆక్సైడులలో లీనమై ఉంటాయి. ముద్దను పొడి చేసి, క్షయకరణ విధానంలో వేపి, అమ్మోనియా ద్రావణంతో రాగి, నికెల్, కోబాల్ట్‌లను కరిగించి తీసే పద్ధతిపై జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల కృషి చేసింది. అవి పోగా మిగిలే అవశేషంలో మాంగనీసు సమృద్ధిగా ఉంటుంది. దానిని కరిగించి సిలికో మాంగనీసుగా మార్చే ప్రయోగాలు కూడా ఇక్కడ జరిగాయి. ఉక్కు తయారీలో ప్రాణవాయువును తొలగించేందుకు వాడే మిశ్రమ లోహం అది. అంటే సముద్రపు అడుగున పుట్టిన ముద్దలోని చివరి భాగానికి సహజ గమ్యం ఉక్కు కొలిమే.

ఎవరి నేల?

వర్ణనకు ఎంచుకున్న హిరోండెలియా గిగాస్ పసిఫిక్ కందకాల జీవి. హిందూ మహాసముద్రపు ముద్దల క్షేత్రాలలో అది లేదు. అయితే ఆ క్షేత్రాలు కూడా సున్నం కరిగిపోయే గీతకు దిగువనే ఉన్నాయి. అక్కడి బురద సున్నపు గుల్లలది కాదు, ఇసుక స్వభావం గల సిలికా గుల్లలది. యూరిథినిస్ ప్రజాతికి చెందిన పెద్ద యాంఫిపోడ్‌లు అన్ని మహాసముద్రాల లోతులలోనూ కళేబరాలను శుభ్రం చేస్తున్నాయి. తూర్పు హిందూ మహాసముద్రపు అగాధం నుంచి సేకరించిన నమూనాలలో ఒక కొత్త ప్రజాతిని, రెండు కొత్త జాతులను 2020లో వర్ణించారు. బురద లోపల కంటికి ఆనని హార్పాక్టికాయిడ్ కోపెపోడ్‌లు, ఆస్ట్రకోడ్‌లు, టానయిడ్‌లు వంటి క్రస్టేషియన్లు ఇంకెన్నో. పసిఫిక్‌లోని క్లారియన్-క్లిప్పర్టన్ ముద్దల క్షేత్రంలో దాదాపు 5,600 జాతులు ఉండవచ్చని, వాటిలో సుమారు తొంభై శాతానికి ఇంకా పేర్లే లేవని 2023లో వెలువడిన ఒక పరిశీలన తేల్చింది.

మనుషుల జాడ అక్కడికి ఇప్పటికే చేరింది. మెరియానా కందకంలోని హిరోండెలియా దేహాలలో పీసీబీలు అనే విషరసాయనాలు పేరుకొని ఉన్నాయని 2017లో బయటపడింది. ఒకప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లలో వాడి, తరువాత నిషేధించిన రసాయనాలవి. చైనాలో మిక్కిలి కలుషితమైన లియావో నది నీటితో సాగయ్యే వరిచేలలోని పీతలలో కంటే యాభై రెట్లు అధికంగా అవి కనిపించాయి. 2020లో వర్ణించిన మరొక యాంఫిపోడ్ పేగులో ప్లాస్టిక్ నూలుపోగు దొరకడంతో దానికి యూరిథినిస్ ప్లాస్టికస్ అని పేరే పెట్టారు. పైనుంచి జారే ప్రతిదానినీ ఆహారంగా స్వీకరించే శరీర నిర్మాణానికి ఇది తప్పించుకోలేని ఫలితం.

ముద్దలను ఏరే యంత్రం చేసే పని వేరు. అది నేల పైపొరను కదిలిస్తుంది. భారతదేశం ఈ విషయాన్ని ముందుగానే పరీక్షించింది. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ 1997లో మధ్య హిందూ మహాసముద్రంలో ఒక చిన్న పట్టీలో బురదను కావాలనే రేపి, అంతకుముందూ ఆ తరువాతా అక్కడి జీవుల సంఖ్యను లెక్కించింది. వెనువెంటనే సంఖ్య పడిపోయింది. తరువాతి సంవత్సరాలలో కొంత కోలుకున్నా అన్ని సమూహాలూ ఒకే తీరున తిరిగి రాలేదు. ఆ ప్రయోగంలో ముద్దలను తొలగించలేదు, బురదను మాత్రమే కదిపారు. పసిఫిక్‌లో 1979లో జరిగిన ఒక తవ్వకపు పరీక్ష తాలూకు చాళ్లు నలభై నాలుగేళ్ల తరువాత, 2023లో వెళ్లి చూసినప్పుడు, ఇంకా స్పష్టంగా కనిపించాయి. కొన్ని చిన్న జీవులు తిరిగి వచ్చాయి, గట్టి ఆధారాన్ని పట్టుకొని పెరిగేవి మాత్రం చాలావరకు రాలేదు. ముద్దలు తిరిగి పుట్టేందుకు పట్టే కాలం లక్షల సంవత్సరాలలో లెక్కించవలసినది గనుక అది సహజమే.

ప్రభుత్వం 2021లో రూ. 4,077 కోట్ల అంచనాతో 'డీప్ ఓషన్ మిషన్'కు ఆమోదం తెలిపింది. అదే సంవత్సరం 'వరాహ' అనే తవ్వక యంత్రాన్ని మధ్య హిందూ మహాసముద్రంలో 5,270 మీటర్ల లోతున నేల మీద నడిపి పరీక్షించారు. లోతైన సముద్ర జీవుల అధ్యయనం, వర్గీకరణ కూడా ఈ పథకంలో ఒక భాగం. వాణిజ్య తవ్వకాలకు వర్తించవలసిన అంతర్జాతీయ నిబంధనలు 2025 జూలై సమావేశాలలోనూ కొలిక్కి రాలేదు.